కిలోలకు కాదు, అంకెలకు భయపడండి: ల్యాండింగ్ బరువు నుంచి అప్రోచ్ వేగం దాకా

విమానం బరువు ఒక టన్ను తప్పు పడితే అప్రోచ్ వేగంలో, అంటే దిగడానికి రన్‌వే వైపు వచ్చే వేగంలో, ఎంత తేడా వస్తుంది? టైప్ రేటింగ్‌కి (ఒక రకం విమానం నడిపే అర్హత శిక్షణకి) వచ్చిన ప్రతి బ్యాచ్‌నీ నేను మొదట అడిగేది ఇదే. పది నాట్లని (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) ఒకరంటారు, పదిహేనని ఇంకొకరు. నూట ఎనభై సీట్ల జెట్‌కి అసలు జవాబు ఒక్క నాట్, కొసరుతో కలిపి. మరి పది టన్నులు తప్పు పడితే? పదకొండు నాట్లు. మొదటి తప్పు రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. రెండోది తోకను నేలకు రాపించే తప్పు. మన కంగారంతా మొదటిదాని చుట్టూ తిరుగుతుంది. రెండోది కీబోర్డు మీద ఒక్క వేలు జారితే జరిగిపోతుంది.

చాలాకాలం లైన్‌లో ఎగిరి, ఇప్పుడు సిమ్యులేటర్ వెనక సీట్లో కూర్చుని నేర్పుతున్నదాన్ని. అందుకని ఇందులో పాఠం చెప్పే ధోరణి ఉంటే ఓర్చుకోండి. ఇక్కడ ఉదాహరణకు వాడిన వేగాలు లెక్క అర్థం కావడానికి మాత్రమే. ఎగిరేటప్పుడు మీ విమానం మాన్యువల్‌లో ఉన్నదే చెల్లుతుంది.

అర శాతం లెక్క

రెక్క పుట్టించే లిఫ్ట్ (పైకెత్తే బలం) వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే లిఫ్ట్ నాలుగింతలు. దీన్ని తిరగేస్తే, బరువు పెరిగినప్పుడు స్టాల్ వేగం (అంతకు తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదు) బరువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. చిన్న మార్పులకు వర్గమూలం అంటే సగమే: బరువు 1 శాతం మారితే వేగం అర శాతం, 10 శాతం మారితే దాదాపు 5 శాతం. అప్రోచ్ వేగాల గురించి ఇదొక్కటి నోటికి వస్తే మిగతాదంతా దాని నుంచి రాబట్టుకోవచ్చు.

వీరెఫ్ అనేది ఈ స్టాల్ వేగానికి కట్టిన కొసరు. గేరు (చక్రాలు), ల్యాండింగ్ ఫ్లాప్స్ (రెక్క వెనక పలకలు) దించి, రన్‌వే అంచు మీదికి 50 అడుగుల ఎత్తున వచ్చేటప్పుడు ఉండాల్సిన వేగం అది. చిన్న విమానాల్లో స్టాల్ వేగానికి 1.3 రెట్లు, ఇప్పటి పెద్ద జెట్లలో 1.23 రెట్లు. జెట్లకు భద్రత తగ్గించారేమోనని ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. తగ్గించలేదు, స్టాల్‌ని కొలిచే తీరు మారింది. పాత పద్ధతిలో పరీక్షలో ముక్కు పడిపోయేలోపు దొరికిన కనిష్ఠ వేగాన్ని స్టాల్ అనేవారు. కొత్త పద్ధతిలో రెక్క పూర్తి బరువును, అంటే ఒక జీని, మోయగలిగిన చివరి వేగాన్ని తీసుకుంటారు. ఇది పాతదానికంటే కాస్త ఎక్కువగా ఉంటుంది కాబట్టి గుణకం తగ్గింది. చేతికొచ్చే వేగం దాదాపు పాతదే.

ఇప్పుడు మీ విమానానికి ఒక జత అంకెలు పట్టుకోండి. ఒక బరువు, దానికి ఒక వీరెఫ్. ఉదాహరణకు 60 టన్నులకు 135 నాట్లు అనుకుందాం. 135లో అర శాతం 0.675. 60 టన్నుల్లో ఒక టన్ను అంటే 1.67 శాతం. రెంటినీ గుణిస్తే టన్నుకు 1.1 నాట్లు. 66 టన్నులకు ఈ చొప్పున 135కి 7 కలిపితే 142. వర్గమూలంతో చేసినా 141.6 వస్తుంది. 54 టన్నులకు 128, అటు చేసినా అదే. ఈ రెండంకెలు నోటికి ఉన్నవాళ్లకి ఎఫ్‌ఎంఎస్ (బరువు ఎక్కిస్తే వేగాలు కట్టే విమాన కంప్యూటర్) 129 చూపించాల్సిన చోట 119 చూపిస్తే కంటికి గుచ్చుకుంటుంది. లేనివాళ్లకు స్క్రీన్ మీద కనపడ్డదే సత్యం.

బరువు అంచనాలో ఏది ఎంత నమ్మాలి

ల్యాండింగ్ బరువు ఎవరూ తూచి చెప్పేది కాదు. మొదట ఖాళీ విమానం, దానికి సిబ్బంది, భోజనం ట్రాలీలు వగైరా కలిపితే డ్రై ఆపరేటింగ్ వెయిట్. దానికి ప్రయాణికులు, లగేజీ, కార్గో కలిపితే జీరో ఫ్యూయల్ వెయిట్. దానికి దిగేటప్పుడు ట్యాంకుల్లో మిగిలే ఇంధనం కలిపితే ల్యాండింగ్ వెయిట్. ఈ మొత్తంలో నిజంగా కాటా ఎక్కింది ఖాళీ విమానం, కార్గో, చాలాచోట్ల లగేజీ. ఇంధనాన్ని గేజులు కొలుస్తాయి. మనుషుల బరువు మాత్రం సగటు.

ఖాళీ విమానాన్ని యూరప్ నిబంధనల ప్రకారం 4 ఏళ్లకోసారి, అమెరికాలో 3 ఏళ్లకోసారి తూచాలి. ఈ మధ్యలో కొత్త పెయింటు, మరమ్మతులో వేసిన రేకు ముక్కలు, ఎక్కడెక్కడో పేరుకునే మట్టీ తేమా కలిసి విమానం కొద్దికొద్దిగా ఒళ్లు చేస్తుంది. మన లెక్కకు ఇది పట్టించుకోదగ్గంత కాదు.

మనుషుల దగ్గరికి వద్దాం, అందరి అనుమానమూ ఇక్కడే. యూరప్ నిబంధనల్లో 30 సీట్లు, అంతకు మించి ఉన్న విమానంలో పెద్దవాళ్లకు చేతి సామానుతో కలిపి 84 కిలోలు, సెలవుల చార్టర్లకు 76, పిల్లలకు 35 అని లెక్క వేస్తారు. నిజంగా ఎక్కినవాళ్లలో 55 కిలోల వాళ్లుంటారు, 120 కిలోల వాళ్లుంటారు. నూట ఎనభై మందిలో ఈ హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొట్టుకోని తప్పు ఏదంటే అందరిలోనూ ఒకే దిక్కున ఉండే తప్పు. చలికాలం కోట్లు, రగ్బీ జట్టు, సగటు పాతబడిపోవడం లాంటివి. ఒక్కొక్కరూ లెక్క కంటే 5 కిలోలు ఎక్కువ ఉన్నారనుకోండి. 180 మందికి 900 కిలోలు, అంటే ఒక్క నాట్. ఆ నాట్ మీ చేతి వణుకులో, గాలి విసురులో (గస్ట్‌లో) కలిసిపోతుంది.

2020 జులైలో బర్మింగ్‌హామ్ నుంచి పాల్మాకి వెళ్లిన ఒక బోయింగ్ 737-800 సంగతి పేపర్లలో చాలా వచ్చింది. చెకిన్ సాఫ్ట్‌వేర్ ‘మిస్’ అని రాసుకున్న పెద్దవాళ్లని కూడా పిల్లల కింద జమ కట్టింది. అలా 38 మంది పెద్దలు 35 కిలోల పిల్లలైపోయి, లోడ్‌షీట్ (విమానం బరువు లెక్క కాగితం) అసలు బరువు కంటే 1,244 కిలోలు తక్కువ చూపించింది. బ్రిటన్ దర్యాప్తు సంస్థ దీన్ని తీవ్రమైన ఘటన అంది. సాఫ్ట్‌వేర్ ఇంకెన్నిసార్లు అలా చేస్తుందో తెలియదు కాబట్టి ఆ మాట సరైనదే. కానీ అప్రోచ్ వేగం వరకే చూస్తే దాని ఖరీదు ఒకటి, ఒకటిన్నర నాట్.

చిన్న విమానంలో ఈ ధీమా పనికిరాదు. తొమ్మిది మందో, పంతొమ్మిది మందో ఉన్నచోట హెచ్చుతగ్గులు కొట్టుకుపోవడానికి తగినంత మంది ఉండరు. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో బీచ్ 1900డీ టేకాఫ్ అవుతూనే కూలి 21 మంది చనిపోయారు. ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ కేబుల్ సవరింపులో జరిగిన పొరపాటుకు తోడు, సగటు బరువుల లెక్కలో బాగానే ఉన్న విమానం నిజానికి పరిమితి మించి బరువుగా, తోక బరువుగా ఉంది. ఆ తర్వాతే అమెరికా తన సగటు బరువులు పెంచింది. ఇరవై సీట్ల లోపు విమానం నడిపేవాళ్లు సగటును పక్కనపెట్టి మనిషిని కాటా ఎక్కించడమే మంచిది. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది, అడగండి.

ఇక అసలు దొంగ, అంకె. 2009 మార్చి 20న మెల్‌బోర్న్‌లో ఒక ఏ340-500 సిబ్బంది టేకాఫ్ లెక్కకు 362.9 టన్నులకు బదులు 262.9 అని కొట్టారు. తోక రన్‌వేకి రాసుకుని, రన్‌వే అయిపోయాక గాని విమానం లేవలేదు. 2003 మార్చి 12న ఆక్లండ్‌లో ఒక 747-400కి ఇలాగే 100 టన్నులు తక్కువ పడింది, తోక దాదాపు 490 మీటర్లు ఈడ్చుకుపోయింది. రెండూ తిరిగొచ్చి క్షేమంగా దిగాయి. ఇవి టేకాఫ్ సంగతులే, అయినా ల్యాండింగ్ కోసం అంకె కొట్టేదీ ఆ వేలే. పైగా టేకాఫ్‌కి ముందు ఇద్దరూ కూర్చుని సరిచూసుకునే వ్యవధి ఉంటుంది. దిగేటప్పుడు వాతావరణం, రన్‌వే మార్పు, రేడియో మధ్యలో బరువు కేసి ఎవరూ మళ్లీ చూడరు. పొద్దున టైపు చేసిన జీరో ఫ్యూయల్ వెయిటే ఆ వీరెఫ్‌కి తల్లి.

లోడ్‌షీట్ చేతికొచ్చినప్పుడు

అందుకే ల్యాండింగ్ వేగం పని గేటు దగ్గరే మొదలవుతుంది. లోడ్‌షీట్ రాకముందే ఒక కాగితం మీద మోటు లెక్క వేయండి. డ్రై ఆపరేటింగ్ 43 టన్నులు. 170 మందికి 84 చొప్పున 14.3. లగేజీ ఒక 2 టన్నులు. మొత్తం 59.3. తర్వాత లోడ్‌షీట్ విప్పి చూస్తే 59.6 ఉంది, సరిపోయింది. 49.6 ఉంటే పని ఆపేసి ఫోను తీయండి. ఫ్లైట్ ప్లాన్‌లో డిస్పాచ్ అంచనా వేసిన జీరో ఫ్యూయల్ వెయిట్ కూడా ఉంటుంది, దానితోనూ పోల్చండి. మూడు అంకెలు మూడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చి ఒకదానికొకటి దగ్గరగా ఉంటే నమ్మొచ్చు. లోడ్‌షీట్‌లోంచి ఎఫ్‌ఎంఎస్‌లోకి ఎక్కించి, మళ్లీ ఆ ఎఫ్‌ఎంఎస్‌ని లోడ్‌షీట్‌తోనే పోల్చుకుంటే మీ వేలు జారిందా లేదా అన్నది తెలుస్తుంది గాని, లోడ్‌షీటే తప్పైతే తెలియదు.

ఎక్కించేటప్పుడు ఒకరు చదవాలి, ఇంకొకరు స్క్రీన్ మీద పడ్డ అంకెను తిరిగి చదవాలి. “యాభై తొమ్మిది పాయింట్ ఆరు” అని కాకుండా “ఐదు, తొమ్మిది, పాయింట్, ఆరు” అని విడివిడిగా. వినడానికి బడిపిల్లల వరసే, కానీ మొదటి అంకె తప్పు ఇలా చదివితేనే చెవిన పడుతుంది.

ఇంకో ముచ్చటైన తప్పు ఉంది. జీరో ఫ్యూయల్ వెయిట్ గడిలో మొత్తం బరువు కొట్టేయడం. చాలా ఎఫ్‌ఎంఎస్‌లలో ఈ రెండు గడులూ ఒకే పేజీలో పక్కపక్కనో పైనా కిందో ఉంటాయి. 59.6కి బదులు ఇంధనంతో కలిపి 67.6 కొట్టారనుకోండి, ఎఫ్‌ఎంఎస్ దానికి మళ్లీ ఇంధనం కలుపుతుంది. 8 టన్నులు అదనం. దిగేటప్పుడు వీరెఫ్ 9 నాట్లు ఎక్కువ వస్తుంది. స్టాల్‌కి దూరంగా ఉన్నాం కదా అని ఎవరికీ అనుమానం రాదు. తడి రన్‌వే చివర బ్రేకులు పొగలు కక్కినప్పుడు వస్తుంది.

దిగుడు మొదలెట్టే ముందు

క్రూయిజ్ వదలడానికి కాస్త ముందు ల్యాండింగ్ బరువు కట్టండి. జీరో ఫ్యూయల్ వెయిట్ 59.6, దిగేసరికి ఇంధనం 3.4, మొత్తం 63. మన జత ప్రకారం 60కి 135 కాబట్టి 63కి ఇంకో మూడున్నర, అంటే 138 చిల్లర. ఇప్పుడు ఎఫ్‌ఎంఎస్ ఏమంటోందో చూడండి. 138, 139 అంటే తల ఊపి ముందుకెళ్లండి. టేబుల్‌లోంచి తీసేవాళ్లు రెండు గడుల మధ్య పడితే పై బరువుకున్న వేగం తీసుకోండి, పాయింట్ల లెక్క అక్కర్లేదు.

హోల్డింగ్‌లో ఇరవై నిమిషాలు తిరిగినా ఈ సైజు జెట్ తాగేది 800 కిలోల లోపే, ఒక నాట్ కూడా తగ్గదు. తిరిగిన ప్రతి చుట్టుకీ వేగం సరిచేసే శ్రద్ధాళువుల్ని చూశాను. ఆ శ్రద్ధ ఆల్టర్నేట్‌కి (ఇక్కడ దిగలేకపోతే వెళ్లే ఇంకో ఎయిర్‌పోర్టుకి) వెళ్లే ఇంధనం మీద పెడితే బాగుంటుంది. టేకాఫ్ అయిన వెంటనే వెనక్కి రావాల్సి వస్తే మాత్రం కథ వేరు. అప్పుడు బరువు పది పన్నెండు టన్నులు ఎక్కువ, వీరెఫ్ ఆ మేరకు పైకి పోతుంది. గరిష్ఠ ల్యాండింగ్ బరువు కూడా దాటి ఉండవచ్చు. పెద్ద విమానాల గేరును గరిష్ఠ ల్యాండింగ్ బరువు దగ్గర సెకనుకు 10 అడుగుల దిగుడు తట్టుకునేలా, గరిష్ఠ టేకాఫ్ బరువు దగ్గర 6 అడుగుల దిగుడు తట్టుకునేలా డిజైన్ చేస్తారు. కాబట్టి బరువుగా దిగడం ప్రాణాంతకమేమీ కాదు, మెత్తగా దిగాలి, తర్వాత తనిఖీ చేయించాలి.

వీరెఫ్ చేతికొచ్చాక గాలి కొసరు. ఎయిర్‌బస్ పద్ధతిలో ఆటోథ్రస్ట్ (వేగం నిలిపేలా ఇంజిన్ శక్తిని తనే సర్దే యంత్రం) ఉంటే కనీసం 5 నాట్లు, లేదా ఎదురుగాలిలో మూడో వంతు, ఏది ఎక్కువైతే అది, 15 దాటకుండా. బోయింగ్ పద్ధతిలో ఆటోథ్రాటిల్ చివరిదాకా ఉంచితే 5. చేత్తో నడిపితే నిలకడ ఎదురుగాలిలో సగం, దానికి గస్ట్ పూర్తిగా. 18 నాట్ల నిలకడ ఎదురుగాలికి ఒకరు 6 కలిపితే ఇంకొకరు 9 కలుపుతారు. గరిష్ఠం ఎంతో మీ మాన్యువల్‌లో ఉంటుంది. రెండు పద్ధతుల్నీ కలిపి వండకండి. ముఖ్యంగా వీటి పైన ఇంకేమీ వేయకండి. కెప్టెన్ తన వాటాగా ఐదు, కో-పైలట్ తన వాటాగా ఐదు, బరువు మీద అనుమానానికి ఇంకో ఐదు వేసుకుంటూ పోతే వీరెఫ్ ప్లస్ ఇరవైతో రన్‌వే అంచు దాటతారు. బరువు మీద అనుమానం ఉంటే బరువు సంగతి తేల్చండి, వేగంతో కప్పిపెట్టకండి.

ఎత్తైన ఎయిర్‌పోర్టులో గాలి పల్చన కాబట్టి వీరెఫ్ పెంచాలని కొందరనుకుంటారు. మీటరు మీద కనపడే వేగం అదే ఉంటుంది. పెరిగేది నేల మీద పరిగెత్తే వేగం, వెయ్యి అడుగులకు సుమారు 2 శాతం. రన్‌వే పొడవు లెక్కలో దాన్ని చూసుకోవాలి.

తప్పు ఎటు పడితే ఏమవుతుంది

అసలు బరువు 66 టన్నులు, ఎఫ్‌ఎంఎస్‌లో పడింది 56. కావాల్సిన వీరెఫ్ 141.6, వచ్చింది 130.4. స్టాల్ పైన ఉండాల్సిన 23 శాతం కొసరు 13 శాతానికి పడిపోయింది. 30 డిగ్రీల బ్యాంకుతో మలుపు తిరిగితే స్టాల్ వేగం 7.5 శాతం పైకొస్తుంది. అప్పుడు మిగిలేది 5 శాతం. ఒక గస్ట్ తగ్గితే స్టిక్ షేకర్ (స్టాల్‌కి ముందు కంట్రోల్‌ని వణికించే హెచ్చరిక) మొదలవడానికి అది చాలు. రోజూ కలిపే 5 నాట్లు ఉన్నాయి కాబట్టి మామూలుగా అంత దూరం రాదు, కానీ ఆ 5 గాలి కోసం పెట్టినవి. మీ తప్పు వాటిని ముందే తినేసింది. ఇక నేల దగ్గర, వేగం తక్కువైన కొద్దీ ముక్కు పైకెత్తి పట్టుకోవాలి. సుమారుగా ప్రతి 5 నాట్ల లోటుకీ ఒక డిగ్రీ. 11 నాట్లకు రెండు డిగ్రీల పైమాటే. పొడుగు విమానాల్లో తోకకీ నేలకీ మధ్య ఉండే కొసరులో ఇది పెద్ద వాటా. ఫ్లేర్‌లో (నేల ఆనే ముందు ముక్కెత్తేటప్పుడు) దిగుడు ఆపడానికి లాగితే లాగినకొద్దీ తోక కిందికి పోతుంది, దిగుడు మాత్రం ఆగదు.

ఇప్పుడు తిరగేయండి. అసలు 56, ఎఫ్‌ఎంఎస్‌లో 66. రావాల్సిన దానికంటే వేగం 8.6 శాతం ఎక్కువ. ఆపాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 18 శాతం ఎక్కువ. రన్‌వే దూరం కూడా దాదాపు ఆ మేరకు సాగుతుంది. అది కూడా చక్రాలు సరైన చోట ఆనితే. వేగం ఎక్కువున్న విమానం ఆనదు, తేలుతుంది. 140 నాట్లంటే సెకనుకు 72 మీటర్లు. మూడు సెకన్లు తేలితే రెండొందల మీటర్ల రన్‌వే వెనక్కి పోయినట్టే. 3,500 మీటర్ల పొడి రన్‌వే మీద ఈ తప్పు ఎవరికీ తెలియకుండానే ముగుస్తుంది. 1,800 మీటర్ల తడి రన్‌వే మీద ముగియదు.

విమానం తనే చెబుతుంది, వినండి

సిమ్యులేటర్‌లో నాకో అలవాటుంది. లోడ్‌షీట్‌లో రాసినదానికంటే విమానాన్ని గుట్టుగా 8 టన్నులు బరువు చేసి, వెనక కూర్చుని చూస్తాను. చాలామంది స్పీడ్ బగ్ (ఎంచుకున్న వేగం గుర్తు) మీద సూదిని ఇంచు కదలకుండా నిలబెడతారు, మిగతా ప్యానెల్ ఏమంటోందో చూడరు. 3 డిగ్రీల గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు) మీద, ల్యాండింగ్ ఫ్లాప్స్‌తో, ఈ తరగతి విమానం ముక్కు రెండున్నర మూడు డిగ్రీలు పైకి ఉంటుంది, ఎన్1 (ఇంజిన్ ఫ్యాన్ తిరిగే వేగం, శాతాల్లో) యాభై నుంచి యాభై ఐదు మధ్య. ఆ రోజు ముక్కు నాలుగున్నర దగ్గర ఉంటుంది, ఎన్1 కూడా మామూలుకంటే పైన కూర్చుంటుంది. కారణం చిక్కుదేమీ కాదు. బరువు ఎక్కువ, వేగం తక్కువ, కాబట్టి రెక్క ఎక్కువ కోణంలో గాలిని కోయాలి. కోణం పెరిగితే డ్రాగ్ (గాలి అడ్డు), డ్రాగ్ పెరిగితే థ్రస్ట్ (ఇంజిన్ తోపు). పట్టుకున్నవాళ్లు సాధారణంగా పట్టుకునేది ముక్కు వల్లే: “మేడమ్, రన్‌వే కిందికి జారినట్టుంది, గ్లేర్‌షీల్డ్ అడ్డొస్తోంది.” ఆ మాట విన్నప్పుడు ఆ పిల్లకో పిల్లాడికో నేను మనసులో సగం మార్కులు వేసేస్తాను.

కాబట్టి మీ విమానానికి మామూలు అప్రోచ్‌లో ముక్కు ఎంత, ఎన్1 ఎంత అన్నది గమనించి రాసి పెట్టుకోండి. బరువును బట్టి వీరెఫ్ మారినా, సరైన వీరెఫ్ మీద ముక్కు కోణం దాదాపు ఒకటే ఉంటుంది. వీరెఫ్ కట్టేదే అలా ఉండేలా. వేగం సరిగానే ఉండి, గాలి నిలకడగా ఉండి, ముక్కు మాత్రం ఒకటిన్నర డిగ్రీ తేడాగా ఉంటే అబద్ధం చెబుతున్నది బరువు.

కొన్ని విమానాల్లో దీన్ని యంత్రమే చేసిపెడుతుంది. ఏ320 కుటుంబంలో రెండు బరువులు ఉంటాయి. ఒకటి మీరు ఎక్కించిన జీరో ఫ్యూయల్ వెయిట్‌కి ఇంధనం కలిపి ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్ కట్టేది. ఇంకొకటి యాంగిల్ ఆఫ్ అటాక్ (రెక్క గాలిని కోసే కోణం), వేగం లాంటివి చూసి ఎఫ్‌ఏసీ అనే ఇంకో కంప్యూటర్ గాల్లోనే కట్టేది. రెంటికీ మధ్య 7 టన్నులు దాటితే ‘చెక్ జీడబ్ల్యూ’ (మొత్తం బరువు సరిచూడు) అని సందేశం వస్తుంది. 7 లోపు తేడా ఉంటే సందేశం రాదు, దాన్ని మీరే పట్టుకోవాలి. ఫ్లాప్స్ పూర్తిగా దించాక పీఎఫ్‌డీ (పైలట్ ఎదుటి ప్రధాన స్క్రీన్) స్పీడ్ టేపు మీద కనిపించే వీఎల్‌ఎస్‌నీ (ఎంచుకోదగ్గ కనిష్ఠ వేగం), అప్రోచ్ పేజీలో రాసున్న వీఎల్‌ఎస్‌నీ పక్కపక్కన చదవండి. ఒకటి రెండు నాట్లు తేడా సహజం. ఐదారు ఉంటే అడగాల్సిన ప్రశ్న ఉంది. బోయింగ్‌లో స్పీడ్ టేపు మీద కింది నుంచి లేచే పసుపు పట్టీ ఈ పని చేస్తుంది. మీరు పెట్టిన వీరెఫ్ గుర్తు నిలకడ అప్రోచ్‌లో ఆ పట్టీకి మరీ దగ్గరగానో లోపలనో ఉంటే బరువు మళ్లీ చూడండి.

చిన్న విమానంలో తప్పు తిరగబడుతుంది

సింగిల్ ఇంజిన్ శిక్షణ విమానంలో పుస్తకం ఇచ్చే అప్రోచ్ వేగం సాధారణంగా గరిష్ఠ బరువుకి. సెస్నా 172ఎస్‌లో 1,157 కిలోల దగ్గర షార్ట్ ఫీల్డ్ (పొట్టి రన్‌వే) అప్రోచ్ 61 నాట్లు. ఒక్కరే, సగం లోపు ఇంధనంతో వెళ్తే బరువు 907 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 22 శాతం తక్కువ. వర్గమూలం ప్రకారం దానికి తగ్గ వేగం 54. కుర్రాడు ‘ఎందుకైనా మంచిది’ అని 70 పట్టుకొస్తాడు. 54 మీద 70 అంటే 30 శాతం ఎక్కువ వేగం, 68 శాతం ఎక్కువ శక్తి. రన్‌వే సగం దాకా తేలి, విసుగొచ్చి ముక్కు కిందికి నొక్కి, ముందు చక్రం మీద దిగి గెంతడం ఇక్కడి నుంచే వస్తుంది. గాలిని తిట్టుకుంటాడు.

దీని మందు 54 పట్టుకుని ఒంటరిగా ప్రయోగాలు చేయడం మాత్రం కాదు. ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి, బరువు కట్టి, మామూలు అప్రోచ్‌కి పుస్తకం ఇచ్చిన 60–70 నాట్ల పరిధిలో తేలిక రోజున కింది కొసకు దగ్గరగా రండి. ఇంకో మెలిక ఉంది. తక్కువ వేగంలో మీటరు అబద్ధమాడుతుంది. 172ఎస్ పుస్తకంలో పూర్తి ఫ్లాప్స్‌తో స్టాల్ మీటరు మీద 40, సవరించిన వేగంలో (మీటరు తప్పు తీసేశాక) 48. మీటరు 40ని 1.3తో గుణిస్తే 52 వస్తుంది, గరిష్ఠ బరువు దగ్గర అది ప్రమాదకరంగా తక్కువ. 48ని గుణిస్తే 62, పుస్తకం ఇచ్చిన 61కి దగ్గరగా ఉంది చూడండి. అందుకని గుణకాలన్నీ సవరించిన వేగం మీద చేసి, చివర్లో మీటరు వేగంలోకి మార్చుకోండి. వేగాలకు మీటరు మీద తెల్ల గీత (ఫ్లాప్స్‌తో ఎగిరే వేగాల పరిధి) కింది కొస ఆధారమనుకునేవాళ్లకు ఇది చెప్పి ఒప్పించడం నా పనిలో అన్నింటికంటే కష్టమైన భాగం.

అనుమానం వచ్చాక

అప్రోచ్‌లో బరువు తప్పనిపిస్తే, పైన ఉండగా అయితే సమయం ఉంది. లోడ్‌షీట్ కాగితం తీసి, మోటు లెక్క మళ్లీ వేయండి, ఎఫ్‌ఎంఎస్‌లో జీరో ఫ్యూయల్ వెయిట్ సరిచేయండి. వీరెఫ్ మారితే ల్యాండింగ్ దూరం, ఆటోబ్రేక్ ఎంపిక, గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకెళ్లడం) వేగాలు కూడా మారతాయి, అవీ చూడండి. వెయ్యి అడుగుల కింద అనుమానం వస్తే లెక్కల జోలికి పోవద్దు. గో-అరౌండ్ చేసి, పైకెళ్లి తీరిగ్గా కట్టుకోండి. స్టాల్ హెచ్చరిక వస్తే అది ఏ బరువనీ అడగదు. ముక్కు దించి, రెక్కలు సమం చేసి, థ్రస్ట్ పెంచాలి.

దిగాక లోడ్‌షీట్‌ని పారేయకండి. గేజుల్లో మిగిలిన ఇంధనం, ఎఫ్‌ఎంఎస్ చూపిన బరువు, అప్రోచ్‌లో ముక్కు ఎంత ఉందో పక్కన రాసి, లోడ్ కంట్రోల్‌కి రిపోర్ట్ పంపండి. అదే లోడ్‌షీట్ పద్ధతితో ఆ రోజు ఇంకెన్ని విమానాలు లేచాయో వాళ్లు చూసుకోవాలి.